ఓబులమ్మ కందివేర్ల బుడిపెలు

కొనకనమిట్లకు మండల వ్యవసాయాధికారిగా బదిలీ అయిన తొలి ఖరీఫ్‌లో ఒక ఉదయం ఓబులమ్మ అనే కంది రైతు ఫోన్ చేసింది. "సారూ, టమాటాకు వచ్చిన గడ్డల రోగమే కందికీ వచ్చె. చేను గొర్రెలకు ఇడుస్తన్నా. గొర్రెలాయన గూడా వచ్చినాడు. మళ్ల చెప్పలేదనుకునేరు" అని పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది. అడగడానికి కాదు, తెలియజేయడానికి చేసిందన్నమాట.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. కిందటేడు అదే పొలంలో టమాటా వేస్తే, మట్టిలో ఉండే కంటికి కనబడని నులిపురుగులు పట్టి, వేర్లనిండా బుడిపెలు లేచి, తోట మొత్తం పోయింది. ఈసారి ముసురు తర్వాత కంది పాలిపోయింది. మొక్క పీకి చూస్తే మళ్లీ బుడిపెలే. ఆ ఏడు ఆ ఇంటికి ఆ కంది తప్ప వేరే పంట లేదు.

నేను వెళ్లేసరికి ఆ గొర్రెలాయన గురవయ్య మంద గట్టెక్కి ఉంది. నులిపురుగు కందికీ పడుతుంది కాబట్టి, చూడకుండా ఆమెది తప్పని చెప్పడానికి లేదు. కాసేపు ఆపమన్నాను. "నేను ఆగుతా సారూ, ఇవి ఆగొద్దా?" అన్నాడు గురవయ్య.

వేరు చూడాలంటే మొక్కను పీకకూడదు. సగం బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో చుట్టూ తవ్వి, మట్టిపెళ్లతో సహా లేపి, బిందెడు నీళ్లతో కడిగాను. నులిపురుగు పడితే వేరు లోపలినుంచే ఉబ్బుతుంది. ఆ బుడిపె గిల్లినా ఊడదు. ఇవి వేలితో తోస్తే జొన్నగింజల్లా రాలాయి. ఒకటి గోటితో చీల్చాను. లోపల ఎర్రగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను.

అవి రైజోబియం బాక్టీరియా కాపురముండే బుడిపెలు. మొక్క వాటికి తిండి పెడుతుంది. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చి ఇస్తాయి. లోపల ఎరుపుంటే ఆ పని జరుగుతున్నట్టు. నీళ్లు నిలిచి వేర్లకు గాలాడక ఆకు పాలిపోయింది, అంతే. చేను నాలుగు మూలలా తవ్వి చూశాను, అన్నిచోట్లా అదే. కాలువ తీసి నీళ్లు బయటికి పంపితే చాలని చెప్పాను.

ఓబులమ్మ తనూ ఒక బుడిపె చీల్చి చూసి గట్టుమీద కూలబడింది. "ఎంత పని చేస్తుంటి సారూ! అన్నం పెట్టేదాన్ని రోగమనుకుంటి గదా" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మరి నా గొర్రెల సంగతేందమ్మా? పొద్దున్నుంచి ఆశపెట్టి" అని గురవయ్య గొణుక్కుంటూ మందను మళ్లించుకుపోయాడు.

ఆ కంది కోతకొచ్చింది. రోగం ఎట్లా ఉంటుందో రైతులకు చెప్పడం మా శాఖలో అందరికీ అలవాటే. బాగున్న వేరు ఎట్లా ఉంటుందో ముందు చూపించాలని నేను ఆ చేలో నేర్చుకున్నాను. తర్వాత ఏ మండలంలో పప్పుపంటల శిక్షణ పెట్టినా, బాగున్న మొక్కనే తవ్వించి, బుడిపెను వాళ్ల చేతనే చీల్పించి, ఆ తర్వాతే తెగుళ్ల గురించి మాట్లాడేవాణ్ణి.