ఒక తొడ మీద చాట, ఒక తొడ మీద బిడ్డ

మొన్న మెట్‌పల్లిల కరీంనగర్ బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ మిషిన్ల కెల్లి జీరో టికెట్ తీసి ఇచ్చింది. జగిత్యాల దాటినంక చూసుకుంటే చేతుల టికెట్ లేదు. సన్నగ చుట్టి, కొస మడిచి, కొంగుకెల్లి పోగు గుంజి కట్టిన బీడీ ఉన్నది. కండక్టరమ్మ చూసి, "చెకింగోళ్లు వస్తే గిదే చూపిస్తవా అక్కా?" అన్నది. నాక్కూడ నవ్వొచ్చింది. బీడీలు బంద్ జేసి ఏడాది దాటింది గని, గా సంగతి నా చేతులకు ఎవలు చెప్పలే. గా దినం నేను పోతున్న పని తలుసుకుంటె మాత్రం నవ్వు ఎంతోసేపు నిలువలే.

మా దిక్కు అప్పట్ల పిల్లను చూడవచ్చినోళ్లు పాట పాడుమనకపోయేటోళ్లు, రోజుకెన్ని బీడీలు చేస్తవని అడిగేటోళ్లు. నా పెండ్లిచూపులల్ల మా అవ్వ వెయ్యి అని చెప్పింది. మా అత్త నమ్మలే. చాట తెప్పించి నా ముందట పెట్టించింది. కట్టుకున్నది కొత్త చీర, దాన్ని చూసుకోవాల్నా, ఆకుల తంబాకు పోసి చుట్టాల్నా? తలకాయ ఎత్తకుంట ఇరువై ఐదు చుట్టి, ఒక కట్ట గట్టి పెట్టిన. మా అత్త దాన్ని అటు ఇటు ఒత్తి చూసి "గట్టిగున్నయి" అన్నది. గంతే, పెండ్లి ఖాయమైంది. పిల్లగాని మొకం నేను మంచిగ చూసింది పెండ్లి నాడే.

ఇంటాయన మస్కట్ పోయినంక బిడ్డ పుట్టింది. ఒక తొడ మీద చాట, ఒక తొడ మీద బిడ్డ, గట్లనే సాదిన. తంబాకు దుమ్ముకు చంటిది తుమ్మితే, అరుగు మీద బీడీలు చేసే ఆడోళ్లందరం నవ్వేటోళ్లం. చేతులు కొంగుకు తుడుసుకొని పాలిచ్చేదాన్ని, కడుక్కునే తీరిక యాడిది? జర పెద్దగైనంక నా పక్కనే కూసొని పుస్తకం ఒళ్లె పెట్టుకొని బీడీలకు దారాలు చుట్టేది. "అవ్వా, నీ కొంగు వాసన చూస్తేనే నాకు నిద్రొస్తది" అనేది. గా మాట అప్పుడు ఎంత ముద్దుగుండెనో. 

పదో తరగతిల మోకాలు నొస్తుందన్నది. కబడ్డిల దెబ్బ తాకిందనుకొని పసుపు పట్టు వేసిన. వాపు తగ్గలే. కరీంనగర్ల డాక్టరమ్మ ఫోటో తీసి చూసి హైదరాబాద్ పొమ్మన్నది. మోకాలి ఎముకల పుట్టిందంట, బొక్క క్యాన్సర్ అన్నరు. పదకొండు నెలలు కొట్లాడినం. పోయింది. వాళ్ల బాపు వచ్చి రెండు నెలలున్నడు, గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు, మల్ల మస్కట్ పోయిండు. ఆయనకు పోను ఒక తావన్న ఉన్నది. క్యాన్సర్ అన్న మాట చెవుల పడ్డ నాడే నాకు తంబాకు యాదికొచ్చింది. టీవీల చూపిస్తనే ఉంటరు గద, తంబాకు తోని క్యాన్సర్ వస్తదని. నా చేతులతోనే పెట్టిన్నా బిడ్డకు? ఎవల్నీ అడుగలే. బిడ్డ పోయినంక చాట అటుక మీద పారేసిన. అప్పటి సంది ఒక్క కాడ కూసోబుద్ధి కాదు. ఊడ్సిన వాకిలే ఊడుస్త. బెల్లంపల్లి అక్క ఇంటికి పోతే చాయ్ పూర్తిగ తాగకముందే లేస్త. ఇచ్చోడల తమ్ముని ఇంటికి పోయిన నాడే మల్ల తిరిగొస్త. "నీ కాళ్లకు చక్రాలున్నయా?" అని అక్క తిట్టింది. ఇంట్ల ఉంటే మా అత్త ఉంటది. ఆమె నా మొకం దిక్కు చూసుడు మానింది. నీ చేతులతోనే చేసినవని లోపట అనుకుంటుందని నాకు ఖాయమైంది.

గా డాక్టరమ్మను అడుగుదామని అంతకుముందు నాలుగుసార్లు కరీంనగర్ పోయిన. దవఖాన గేటు కాడికి పోవుడు, అవునంటే ఎట్లనని భయమై మర్లొచ్చుడు. మొన్న మాత్రం లోపటికి పోయిన. "మేడం, తంబాకు చేతులతోని పాలిచ్చిన. గందుకే వచ్చిందా?" అన్న. ఆమె రాసుడు ఆపింది. "కాదమ్మా. ఈ బొక్క క్యాన్సర్ శానమందికి ఎందుకొస్తదో మాకే తెల్వదు. నీ తంబాకు తోని మాత్రం కాదు," అన్నది. పానం తేలికైతదనుకున్న. కాలే. తప్పు నాదైతే తిట్టుకునేందుకు నేనన్న ఉంటి. ఇప్పుడెవల్ని తిట్టాలె? బస్టాండుల మూడు బస్సులు పోయినయి, నేను ఎక్కలే.

ఇంటికొచ్చేసరికి మా అత్త బియ్యం ఏరుకుంట కూసున్నది. నిలవడే చెప్పిన, "డాక్టరమ్మను అడిగొచ్చిన. తంబాకు తోని కాదంట." ఆమె చెయ్యి ఆగింది. "మల్లొక్కసారి చెప్పు బిడ్డా" అన్నది. మల్ల చెప్పిన. అప్పుడు మొకం ఎత్తి, ఏడాదిల మొదటిసారి నా కండ్లల్లకు చూసింది. "నువ్వు పచ్చి బాలింతవు. ఇరువై ఒక్క దినాలకే గా చాట నీ ఒళ్లె పెట్టింది నేనే గద. నా మనుమరాలిని నేనే చంపుకున్ననని ఏ మొకం పెట్టుకొని నిన్ను చూద్దు?" అన్నది. బియ్యంల కండ్లనీళ్లు పడుతుంటే తుడుసుకోలే.

నేను ఆమె పక్కన కూలబడ్డ. ఎంతసేపు ఏడ్సినమో తెల్వదు, పొయ్యి అంటువెట్టలే, బియ్యం గట్లనే ఉన్నయి. ఒక్క ఇంట్ల, ఒక్క గోడకు అటొకరం ఇటొకరం, ఒక్కటే మాట మింగుకుంట బతికినం. బిడ్డ పోయింది, తిరిగి రాదు, గది నాకెరుకే. గని మేమిద్దరం కలిసి ఏడ్వాల్సిన ఒక ఏడాది ఉండె, గది గూడ ఉత్తగనే పోయింది.