రికార్డు మీద వేలు

అరవైల చివర్లో, విజయనగరం కాలేజీలో మా ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు గారు ప్రయోగాల రికార్డులో ప్రతి అంకె మీదా వేలు పెట్టి, "నువ్వు సూసినావేటి?" అని అడిగేవారు. ఆయన సంతకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. పాత రికార్డుల్లోంచి లోలకం లెక్కలు ఎక్కించుకోవడం మా ఆనవాయితీ. గ్రంథంలో ఉందని దేన్నీ నమ్మొద్దని ముందురోజే హేతువాద సభలో గర్జించిన నేనూ ఎక్కించాను.

"లెక్క బాగున్నాదిరా. స్టాప్‌వాచీయే వారం నుండీ నడవడం నేదు," అన్నారాయన.

వెనక బెంచీ గొల్లుమంది.

"నేను చేస్తే తప్పొస్తుందేమోనండీ?" అన్నాను.

"రానీరా. నీ తప్పు నువ్వు సూడు. సంతకం పెడతాను."

తన చేతిగడియారం విప్పి ఇచ్చారు. తప్పే వచ్చింది. సంతకం పెట్టారు.

ఇప్పటికీ సభలో నా గొంతు పెరగగానే ఆ వేలు కనిపిస్తుంది. మాట తడబడుతుంది.