బ్రేకు మీద పోసిన నూనె

అబద్ధం చెప్పి ఉంటే ఇంత బరువుండేది కాదేమో. నేను అబద్ధం చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. ఆ చెప్పకపోవడాన్నే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, మోటారు సైకిలు బండి వెనక ఐసు పెట్టెలో వేసుకుని సబ్బవరం వైపు తీసుకెళ్లి అమ్మేవాడు. అంతకుముందు బాగా తాగేవాడు. పాప పుట్టాక మానేశాడు. నిజంగానే మానేశాడు. మళ్లీ ముట్టకుండా ఉంటే తన బోటు మీదికి పనికి తీసుకుంటానని వాళ్ల అన్నయ్య, మా బావగారు, మాటిచ్చారు.

మా ఇల్లు ఏటవాలు సందులో పైన. తెల్లవారకముందే ఆయన బండి దిగుతుంటే ముందు బ్రేకు కీచుమని అరిచేది. అప్పుడే పాలు తాగి కళ్లు మూసిన పాప ఉలిక్కిపడి లేచేది. సందంతా తిట్టేది. ఒక సాయంత్రం కుట్టుమిషను నూనె తీసుకెళ్లి, ముందు చక్రానికుండే ఆ గుండ్రటి డిస్కు మీద, దాన్ని నొక్కి పట్టే ప్యాడ్ల మధ్య పోశాను. తలుపు బందులకి పోస్తే చప్పుడు పోతుంది కదా, దీనికీ అంతే అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు. చెప్పేంత సంగతి అనిపించలేదు.

మర్నాడు బండి చప్పుడు లేకుండా దిగింది. పాప లేవలేదు. నేను మురిసిపోయాను. నేనలా మురిసిపోతుండగానే సందు చివర ఆగి ఉన్న లారీని ఆయన గుద్దేశాడు. వాన తడి, పైగా పల్లం. వెనక బ్రేకు ఒక్కటే బండిని ఆపలేకపోయింది. మోకాలు చితికిపోయింది.

పేటంతా ఒకటే మాట: మళ్లీ తాగాడు.

ఆసుపత్రి మంచం మీద ఆయన కనబడ్డవాళ్లందరితో అనేవాడు: "నాను తాగనేదు. బ్రేకు పట్టనేదు. బండి సూడండి."

బండిని మెకానిక్ దగ్గరికి తోయించింది నేనే. అప్పటికే నాకు అనుమానం. అతను ప్యాడ్లు విప్పి చూపించాడు. జిడ్డుగా మెరుస్తున్నాయి.

"డిస్కు మీద ఎవరో నూనె పోసినారమ్మా. ప్యాడ్లు పీల్సేసుకున్నాయి. ఎంత తుడిసినా ఇంక పట్టవు. డిస్కు కడిగి కొత్తవెయ్యాల."

ఆ పాత ప్యాడ్లు కొంగులో చుట్టుకుని ఆసుపత్రికి వెళ్లుంటే సరిపోయేది. వెళ్లానా? "కొత్తవి ఏసెయ్యండి. ఎవరికీ సెప్పకండి," అన్నాను. భయమా? మొగుడి కాలు విరగ్గొట్టిందంటారన్న సిగ్గా? ఇంటికి రానీ, నెమ్మదిగా చెబుదాం అనుకున్నానని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

ఆయన ఇంటికొచ్చిన రోజే బావగారు వచ్చారు. బండి తీసి సందు కిందిదాకా నడిపి బ్రేకు నొక్కారు. బండి ఠక్కున ఆగింది. తిరిగొచ్చి తాళం ఆయన ఒళ్లో పడేశారు.

"బ్రేకు బంగారంలాగుందిరా. తాగి గుద్దేసి తప్పు బండి మీదెడతావేటి?"

ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వైనా సెప్పవే. ఆ పొద్దు నా దగ్గర వాసనొచ్చిందేటి?"

నేను పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

బోటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కట్టు విప్పాక ఆయన తాగడం మొదలెట్టాడు. తాగకపోయినా తాగుబోతునే కదా అన్నాడు. ఇప్పుడు పాప పెద్దదైంది. తండ్రి అడుగుల చప్పుడు వింటే గదిలోకి పోయి గడియ పెట్టుకుంటుంది. దానికి తెలిసిన తండ్రి ఈయనే. తాగుడు మానేసిన ఆ ఇంకొకడు ఎలా ఉండేవాడో చెప్పగలిగింది నేనొక్కదాన్నే, నేనే చెప్పలేదు.

నిన్న కూడా చెబుదామని పక్కన కూర్చున్నాను. అన్నం పెట్టి లేచొచ్చేశాను.

ఆయనకు చెప్పాల్సింది మీకు చెప్పడం పిరికితనమే. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. కానీ ఈ మాట ఒక్కసారైనా నా చేత్తో రాయాలి. ఆ పొద్దు ఆయన తాగలేదు. నూనె పోసింది నేను. దాచిందీ నేనే.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.