కింద వెచ్చగా ఉంటుంది

మా సరస్సులో పైన చల్లటి మంచినీళ్ళు, కింద వేడి ఉప్పునీళ్ళు. రెండూ కలవవు. అవి ఆనుకునే చోట నీరు పలచటి పాకంలా మసకమసకగా కదులుతుంది. వీపున గాలి సిలిండరు కట్టుకుని చూడటానికి దిగిన కొత్తవాళ్ళు అక్కడికి రాగానే హడలిపోతారు. అందుకే వాళ్ళను వెంటబెట్టుకుని దిగే మా మామగారు, ముందు వాళ్ళ చేతిని మాత్రం పట్టుకుని వేడినీళ్ళలో ముంచేవారు. చెయ్యి నమ్మితే మనిషి తనంతట తానే దిగేవాడు.

నాకూ ఆ పని నేర్పింది ఆయనే. ఇంట్లో "అల్లుడుగారూ" అంటూ నన్ను నెత్తిన పెట్టుకునేవారు. పడవెక్కామంటే చాలు, "ఒరేయ్, నీళ్ళలో ఊపిరి బిగబట్టకురా, చస్తావ్!" అని అరిచేవారు. సిలిండరు గాలి పీల్చేవాడు ఊపిరి బిగబట్టి పైకి తేలితే ఊపిరితిత్తులు పగులుతాయి, నిజమే; అయినా ఆ "ఒరేయ్"కి నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడాయనకు మతిమరుపు ముదిరింది. కన్నకూతుర్నే గుర్తుపట్టరు. నన్నయితే "ఎవరు బాబూ మీరు?" అంటారు. స్నానం నేనే చేయిస్తాను. నీళ్ళంటే ఆయనకే భయం పట్టుకుంది, చూడండి విడ్డూరం! నిన్న బకెట్లో వేడినీళ్ళు తొలిపి, ముందు ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా ముంచాను.

ఆయన వేళ్ళు నీళ్ళలో కాసేపు కదిలాయి. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుని, నా చేతిని కూడా లోపలికి లాక్కున్నారు.

"ఒరేయ్, నేనున్నానుగా. కింద వెచ్చగా ఉంటుంది, దిగు."

బిగబట్టకూడదని తెలిసీ ఊపిరి బిగబట్టాను.