కంట్లో రేకు

ఆయన అసలు పేరు భార్యకీ, కరెంటు బిల్లు ఇచ్చేవాడికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధి మొత్తానికి ఆయన ఒంటికన్ను. రెండు కళ్ళూ నిక్షేపంగా ఉన్న మనిషికి ఆ పేరెందుకంటే, ఆయన వాచీలు బాగుచేస్తాడు. పొద్దున షట్టరెత్తింది మొదలు దించేదాకా కుడికంట్లో నల్లటి భూతద్దం ఇరికించుకుని కూర్చుంటాడు. దాన్ని తీయకుండానే టీ తాగుతాడు, తీయకుండానే బేరమాడతాడు, తీయకుండానే పోట్లాడతాడు. జనం నవ్వుకోవడానికి పెట్టిన పేరది. నవ్వుకోవడానికి జనానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు.

షట్టరు దించాక ఆయనకి ఇంకో పిచ్చి ఉంది. పక్క షాపు కళ్ళద్దాలాయన మేడమీద ఒక టెలిస్కోపు ఉంది. ఊళ్ళో కొంతమంది కలిసి, అద్దం సొంతంగా అరగదీసి, గొట్టంలో బిగించి చేసుకున్నది. వాళ్ళ సంఘానికి కళ్ళద్దాలాయనే ప్రెసిడెంటు. మేడ ఆయనది కాబట్టి ఎన్నిక అవసరం పడలేదు. వాళ్ళందరి గురీ శనిగ్రహం మీదే.

"లోకమంతా శనిని వదిలించుకోవాలని చూస్తుంటే, ఈయన మెట్లెక్కి మరీ వెతుక్కుంటున్నాడమ్మా," అనేది వాళ్ళావిడ పక్కింటావిడతో. ఆవిడ ఇంట్లోనే మిషను మీద స్కూలు యూనిఫారాలు కుట్టేది. మాట పదునుగా ఉన్నా, ఆయన వచ్చేదాకా అన్నం ముట్టేది కాదు.

శని చుట్టూ తిరిగే చందమామల్లో టైటన్ పెద్దది. దాన్ని చూశానని ఆ మేడమీద ఎవరైనా గొప్పలు పోతే నవ్వుతారు. మిమాస్ అలా కాదు. చిన్నది, మసక, పైగా శని వలయాలకి ఆనుకున్నట్టు తిరుగుతుంది కాబట్టి గ్రహం వెలుగులో మునిగిపోతుంది. దాన్ని పట్టడానికి వాళ్ళు మాత్రల అట్ట మీది రేకుని సన్నగా కత్తిరించి, కన్ను ఆనించే కటకంలో అడ్డంగా అంటించి, గ్రహాన్ని దాని వెనక దాచేవాళ్ళు. ఆ పైన పక్కచూపు చూడాలి. మసక చుక్కని సూటిగా చూస్తే మాయమైపోతుంది, కాస్త పక్కకి చూస్తే తేలుతుంది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ సాయంత్రం మిమాస్ ఎటువైపు ఉంటుందో ఆ లెక్క ప్రెసిడెంటు జేబులో ఉంటుంది, చూసేవాడికి చెప్పకూడదు. చూసినవాడు కాగితం మీద చుక్క పెట్టాకే లెక్క బయటికి తీయాలి. పొరుగూరి సంఘం కూడా మిమాస్ కోసమే కాచుకుని ఉందని తెలిశాక ప్రెసిడెంటుకి తిండి సయించడం మానేసింది.

ఆ వేసవిలో ఒంటికన్ను దశ తిరిగింది. పట్టడానికి మిమాస్ కన్నా ఒక మెట్టు తేలికైన ఎన్సెలాడస్ అనే చందమామని, రేకు అంటించడం మర్చిపోయి కూడా, ఆయన పట్టేశాడు. చుక్క సరిగ్గా ఉండాల్సిన చోటే పడింది. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ అక్కడే పెట్టాడు.

"గ్రహం వెలుగు అడ్డం రాలేదా?" అని అడిగాడు ప్రెసిడెంటు.

"వెలుగెక్కడుంది? మధ్యలో ఏదో మబ్బు పట్టినట్టుంది. పక్కన చుక్క మాత్రం బాగా తెలుస్తోంది."

అందరూ నోరెళ్ళబెట్టారు. ఎప్పుడూ పిట్టగోడ మీద కూర్చునే మనిషికి ఆ రోజు కుర్చీ వేశారు.

అదే రోజుల్లో పగలు షాపులో మరలు మాయమవడం మొదలైంది. పట్టకారుతో పట్టుకున్న మర చూస్తూండగానే లేకుండా పోయేది, తల కొంచెం తిప్పితే మళ్ళీ ఉండేది. ఆయన భూతద్దాన్ని తిట్టాడు, దీపాన్ని తిట్టాడు, మరలు చేసినవాణ్ణి తిట్టాడు. తలుపు అంచు వంకరగా కనిపించినప్పుడు వడ్రంగిని కూడా వదల్లేదు. తిట్టడానికి ఎవరూ మిగలకపోయేసరికి పక్కనే ఉన్న ప్రెసిడెంటు గారి కళ్ళద్దాల షాపులోకి వెళ్ళి కూర్చున్నాడు.

ప్రెసిడెంటు ఆయన ఎడమకన్ను మూయించి, గళ్ళు గీసిన అట్ట ఒకటి ముందుపెట్టాడు. "మధ్యలో చుక్క కనిపిస్తోందా?"

"లేదు. అక్కడ గళ్ళు కూడా లేవు. చుట్టూ ఉన్నవి వంకర్లు పోతున్నాయి."

ప్రెసిడెంటు ఆ అట్టని చటుక్కున సొరుగులో పడేశాడు.

"ఏమైనా ప్రమాదమా ప్రెసిడెంటు గారూ?"

"వయసోయ్, వయసు. కొత్త అద్దాలు వేసుకో, సర్దుకుంటుంది."

అద్దాలు అమ్మాడు కూడా. ఆ సాయంత్రం మేడమీద ఒంటికన్ను భుజం తట్టి, "మనందరం కటకంలో రేకు అంటించుకుంటాం, మనవాడికి కంట్లోనే ఉందయ్యా రేకు!" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఒంటికన్నే నవ్వాడు.

"ఒకసారి ఆస్పత్రికి వెళ్దామండీ," అని భార్య పోరుపెట్టింది.

"చెడిపోయిన కన్నయితే అంత మసక చుక్కలు కనిపిస్తాయటే? కుర్రకళ్ళకే అందనివి నాకు అందుతున్నాయి."

మర కనిపించకపోతే ఏ వాచీలవాడైనా హడలిపోతాడు. ఈయన మాత్రం చందమామల్ని చూసుకుని ధైర్యంగా ఉన్నాడు. పాపం, పప్పులో కాలేశాడనడానికి కూడా నాకు మనసొప్పదు.

మబ్బుల కాలం ముంచుకొస్తుండగా మిమాస్ దొరికింది. ఆయన చుక్క పెట్టాడు, లెక్క తీశారు, రెండూ ఒక్కటే. వారం దాటాక మిమాస్ రెండోవైపుకి వెళ్ళింది, ఆయన చుక్క కూడా దానితోపాటే వెళ్ళింది. ప్రెసిడెంటు ఆయన్ని కావలించుకుని ఏడ్చేశాడు. ఆ ఏడుపు నిజమైనదే. అందుకే ఆ మనిషిని తలుచుకుంటే ఒళ్ళు ఇంకా మండుతుంది.

వానలు వెలిశాక ఒక పొద్దున, గ్లాసులో పొయ్యాల్సిన టీ ఆయన భార్య చేతిమీద పోశాడు. చెయ్యి బొబ్బలెక్కింది. ఆవిడ తడిగుడ్డ చుట్టుకుని, ఆయన చొక్కా పట్టుకుని కంటాస్పత్రికి ఈడ్చుకుపోయింది.

అక్కడ డాక్టరమ్మ కూడా గళ్ళ అట్టే ముందుపెట్టింది.

"ఇది ముందే చూశానమ్మా. వేసవిలో, మా పక్క కళ్ళద్దాల షాపులో."

"అప్పటికే మధ్యలో గళ్ళు పోయాయా?"

"పోయాయి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "కంటి వెనక పొర మధ్యలో దెబ్బతింది. సూటిగా చూసేది దానితోనే. అప్పుడే పంపించి ఉంటే సూదిమందుతో చూపు నిలబెట్టడానికి చూసేవాళ్ళం. ఇప్పుడు మచ్చకట్టిపోయింది. ఈ అట్ట చూపించడం తెలిసినవాడికి దాని అర్థం తెలియకుండా ఉండదండీ."

"ఆ షాపులో ఒక్క అద్దం మిగలనివ్వను," అని బయల్దేరబోయింది భార్య, ఇంటికి రాగానే. ఆయన ఆపాడు. అప్పటికే భూతద్దం ఎడమకంటికి మార్చి చూశాడు, చేతులు ఆ కంటి మాట వినలేదు. ఇక వాచీలకి పట్టీలు మార్చడం, బ్యాటరీలు వేయడం, అంతే. జీవితం మొత్తంలో ఆయనది అని చెప్పుకోవడానికి మిగిలింది మిమాస్ ఒక్కటే. వచ్చే వారం రెండు సంఘాలూ కలిసే సభలో దానికి షీల్డు ఇస్తారు.

"లెక్క ముందే దొంగచాటుగా చదివి చుక్క పెట్టానని, మిమాస్‌ని అసలు చూడలేదని చెప్తాను," అన్నాడు.

"చూశారుగా!"

"చూశాను. కన్నిచ్చి చూశాను. అది వాడికి దక్కకూడదు. నేను చూసిన మాట నిజమేనని వాడు రుజువు చెయ్యాలంటే, నా కంటి సంగతి వేసవిలోనే తెలుసని నలుగురిలో ఒప్పుకోవాలి. ఎటు తిరిగినా చస్తాడు."

సభలో కుర్చీలన్నీ నిండాయి. షీల్డు అందుకోవడానికి లేచినవాడు మైకు అందుకుని, "నేను మిమాస్‌ని చూడలేదు. లెక్క దొంగచాటుగా చదివి చుక్క పెట్టాను," అన్నాడు. ఉన్న ఒక్క ఆస్తినీ తన చేత్తోనే తగలబెట్టుకున్నట్టయింది ఆయనకి.

పొరుగూరి వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రెసిడెంటు మొహంలో నెత్తురుచుక్క లేదు. షీల్డు వైపు చూశాడు, పొరుగూరి ప్రెసిడెంటు వైపు చూశాడు, ఆ తర్వాత మైకు లాక్కున్నాడు.

"చూశాడండీ! కచ్చితంగా చూశాడు! మనవాడికి కుడికంటి మధ్యలో చూపు లేదు. వేసవిలో నేనే పరీక్ష చేశాను. గ్రహం సరిగ్గా ఆ గుడ్డిచోట దాక్కుంటుంది, చుక్క పక్కన బయటపడుతుంది. రేకు చేసే పనే!"

ఒంటికన్ను జనం వైపు తిరిగాడు. ఇప్పుడు అడుగుతారు. వేసవిలో తెలిసి ఎందుకు చెప్పలేదయ్యా అని ఎవరో ఒకరు అడుగుతారు. పొరుగూరి ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు.

"ఆ గుడ్డిచోటు ఎంత వెడల్పుంటుంది? వలయాలు కూడా పూర్తిగా మునుగుతాయా?"

వెనక వరసలోంచి ఇంకొకాయన, "కన్ను ఎటు తిప్పితే గ్రహం దాని వెనక్కి పోతుంది?" అన్నాడు. కలాలు బయటికొచ్చాయి. ప్రెసిడెంటు మొహంలోకి రంగు తిరిగొచ్చింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద కన్ను బొమ్మ వేసి, మధ్యలో నున్నగా ఒక మచ్చ దిద్దాడు.

"తెలిసీ ఎందుకు చెప్పలేదని అడగరేం మీరెవరూ?" అని అరిచింది భార్య, బొబ్బలు మానని చెయ్యి పైకెత్తి.

"ఒక్క నిమిషమమ్మా, ప్రశ్నలు వరసలో వస్తున్నాయి," అన్నాడు ముందు కుర్చీలోని పెద్దమనిషి.

మిమాస్ చూసిన మాట నిజమేనని ఖాయమైంది. చప్పట్లు కొట్టారు. షీల్డు తెచ్చి ఒంటికన్ను చేతుల్లో పెట్టారు.

భార్యాభర్తలిద్దరూ మెట్లు దిగుతుంటే పొరుగూరి ప్రెసిడెంటు గబగబా వెనకే వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు ఎంతో మెత్తగా ఉంది.

"ఒక్క మాటండీ. ఎడమకంటికి కూడా వచ్చే అవకాశం ఉందన్నారా డాక్టరు?"

"ఉందన్నారు."

"ఒకవేళ వస్తే మాకో కబురు పెట్టండి. మా మేడమీద ఉన్న అద్దం మీవాళ్ళ దానికంటే పెద్దది."

వాళ్ళావిడ షీల్డుని భర్త చేతుల్లోంచి తీసి మెట్టు మీద పెట్టింది. ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

"చూసుకుని దిగండి. ఇంకా మూడు మెట్లున్నాయి," అంది.