రెక్కలు రాని మిడత

ఈ ఉదయం ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడి ఉంటే చొక్కా చేతి మీద ఒక మిడత వాలింది. పచ్చగా, పుల్లలా సన్నగా ఉంది. ముఖం నుదుటి నుంచి నోటి దాకా ఏటవాలుగా జారిపోయింది. నా కళ్లు ముందుగా దాని రెక్కలనే వెతికాయి. ఉన్నాయి. గడ్డి మిడత. ఎగిరిపోయింది. అలా వెతకడం మా మేనమామ చేను నాకు నేర్పిన అలవాటు.

డెబ్బైల చివర్లో వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం కోసం చూస్తూ ఆదోనిలో ఉన్నాను. ప్రతిదానికీ పట్టిక రాసేవాణ్ణి. పప్పుడబ్బాలకు కూడా చీటీలు అంటించానని అమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించేది. ఆ వానాకాలం ఒకరోజు మామ నందవరం నుంచి బస్సులో వచ్చి, నా ముందు నశ్యం డబ్బా పెట్టాడు. లోపల నాలుగు మిడతలు. ఆయనకున్నది ఒకటే జొన్నచేను. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండీ, రెండెద్దులకు మేతా అందులోంచే రావాలి.

"పక్క సేనోళ్లు పొడిమందు సల్లుతాండారు. సొప్పకు ఇసం అంటుకుంటే ఎద్దులేం గావాల? సదువుకున్నోడివి, నువ్వు సెప్పప్పా. ఇది గడ్డి తినేదా, జొన్న తినేదా?"

భూతద్దం తీసి వరసగా రాసుకున్నాను. ముఖం: ఏటవాలు. రంగు: ఆకుపచ్చ. మీసాలు: డబ్బాలో విరిగాయి. రెక్కలు: ఇంకా రాలేదు, కనుక పిల్లలు. పది నిమిషాల్లో తేల్చేశాను.

"గడ్డిమిడత పిల్లలు మామా. రెక్కలొస్తే ఎగిరిపోతాయి. మందు వద్దు."

ఆ మాట మామ ఇంటికి మోసుకెళ్తే, "వాటికి రెక్కలొచ్చేలోపల మనకు ఈనెలే మిగుల్తాయి" అందట అత్త. మామ ఆమెను కసిరి, మందు చల్లకుండా ఆగాడు.

కంకులు వేసే వేళకు నేనే వెళ్లాను. చేలో ఆకు లేదు. మొండి కాడల మీద మిడతలు ఒకదాన్నొకటి మోస్తూ జతకట్టి ఉన్నాయి. పిల్లలు జతకట్టవు. అవి పెద్దవే, జొన్న తినే ఆ జాతికి అసలు రెక్కలే ఉండవు. ఏటవాలు ముఖం దానికీ ఉంటుంది. అది నేను పరీక్షకు చదివిన పాఠమే.

గట్టు మీద కూర్చున్న మామ లేచి, "ఇవి గుడ్లు యాడ పెడతాయో సూపియ్యప్పా. ఎండాకాలం ఆడ లోతుగా దున్నుకుంటా" అన్నాడు. మళ్లీ నన్నే అడిగాడు. పొద్దు వాలేదాకా మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వి చూపించాను.

మేత లేక ఆ చలికాలమే ఎద్దుల్ని సంతకు తోలేశాడు. వేసవిలో అడిగి తెచ్చుకున్న ఎద్దులతో దున్నాడు. ఆ తర్వాత పంటలు బాగానే వచ్చాయి. అయినా నేను పది నిమిషాల్లో తేల్చిన దానికి ఆయన ఒక ఏడాది పోగొట్టుకున్నాడు. తర్వాత ఎన్ని ఏళ్లు పండినా, ఆ ఒక్క ఏడు ఆయనకు తిరిగి రాలేదు.