ఇన్‌స్పెక్టరు గారు పాస్ చేయని కాఫీ మెషిన్

ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో బాయిలర్ ఇన్‌స్పెక్టరు గారు నవ్వుతూ సంతకం పెట్టగా చూసినవాళ్లు లేరు. ఫ్యాక్టరీల్లో ఆవిరి బాయిలర్లను ఏడాదికోసారి పరీక్షించి, నడపవచ్చని సర్టిఫికెట్ ఇవ్వడం ఆయన పని. ఇవ్వకపోవడం ఆయన సరదా. గడువు ఒక్కరోజు దాటిందా, బట్టల మిల్లయినా సబ్బుల ఫ్యాక్టరీ అయినా నిప్పు ఆర్పించాల్సిందే. ఓసారి ఆస్పత్రి లాండ్రీ బాయిలరు ఆపించి, అక్కడే ఆపరేషన్ అయి పడుకున్న సొంత బావమరిదిని మూడు రోజులు మాసిన దుప్పటి మీద ఉంచిన ఘనత కూడా ఆయనదే.

అలాంటి మనిషి రిటైరయ్యాక ఇంట్లోకి, ప్రెషరుతో చిక్కటి కాఫీ దించే ఎస్ప్రెసో మెషిన్ కొందామనుకున్నారు. మెషిన్లకు ఏలినాటి శని పట్టింది.

ఆయన కాఫీ ముట్టరు. తాగేది భార్య. రోజూ సాయంత్రం వీధి చివరి కొట్లో నిలబడి, ఉగ్గుగిన్నెంత కప్పులో చిక్కటి కాఫీ తాగి రావడం ఆవిడకు ఇరవై ఏళ్ల అలవాటు. గుండె బలహీనపడిందని, మూడంతస్తుల మెట్లు దిగొద్దని డాక్టరు చెప్పాడు. రోజుకొక్క చిన్న కప్పు మాత్రం తాగనిమ్మన్నాడు. గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టరు గారిని పక్కకు పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. కింద నుంచి తెప్పిస్తే పైకొచ్చేసరికి కాఫీ చల్లారి, మీది నురుగు చచ్చి ఊరుకునేది. "అదే కాఫీ ఇంట్లో చేసిపెడతాను" అని భార్యకు మాటిచ్చారు.

బావమరిదికి వంటింటి సామాన్ల కొట్టుంది. అతను మొదటిరోజే చెప్పాడు: "బావా, ముందు కాఫీ గింజలు పొడి చేసే మంచి గ్రైండరు చూడు. మెషిన్ తర్వాత. ఈ కాఫీకి పొడే ప్రాణం."

"పొడి పేలదు. పేలేదాని సంగతి మాట్లాడు" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

మొదటి మెషిన్‌కి ప్రెషర్ గేజి లేదు. ఫెయిల్. రెండోదానికి సేఫ్టీ వాల్వు మూత లోపల ఉంది. కంటికి కనబడని వాల్వు లేనట్టే కాబట్టి అదీ ఫెయిల్. మూడోదాని అట్టపెట్టె మీద పదిహేను బార్ల ప్రెషరని గొప్పగా అచ్చేశారు. "కాఫీకి కావలసింది తొమ్మిది. మిగతా ఆరూ ఎవరి నెత్తిన పెడతారు?" అని ఆయన నిలదీస్తే, దాన్ని మోసుకొచ్చిన బావమరిది మళ్లీ భుజానికెత్తుకున్నాడు. నాలుగోదాన్ని విప్పి చూశారు. మళ్లీ బిగించాక రెండు మరలు మిగిలాయి. తప్పు మెషిన్‌దేనని రాసుకున్నారు.

"పెళ్లిచూపులకి కూడా ఇంత చూడలేదు కదరా మీ బావ" అంది భార్య.

"అప్పుడు చూసుంటే నువ్వు ఫెయిలయ్యేదానివక్కా. నీకూ గేజి లేదుగా."

ఎనిమిది నెలలు గడిచాయి. ఆవిడ ఇప్పుడు మంచం నుంచి వంటింటికి రావడానికి కూడా మధ్యలో కుర్చీలో ఆగుతోంది. ఒక మధ్యాహ్నం, ఏడో మెషిన్ లోపాల జాబితా రాస్తున్న భర్త పక్కన అలా ఆగి అంది:

"ఏమండీ, మీ రిపోర్టు కంటే నా రిపోర్టే ముందొచ్చేట్టుంది."

ఇన్‌స్పెక్టరు గారి కలం ఆగింది.

"డాక్టరు నీకూ చెప్పాడా?"

"మీ మొహం చెప్పింది. దానికో గేజి ఉందిలెండి."

ఆయన జాబితా మడిచి, చెప్పులేసుకుని, బావమరిది కొట్టుకెళ్లి ఎదురుగా కనబడ్డ మెషిన్ ఎత్తుకొచ్చారు. వాల్వు ఎక్కడుందో కూడా చూడలేదు. ఇంట్లో ఉన్న పొడే వేసి మీట నొక్కారు. కప్పులోకి కుళాయి తిప్పినట్టు గోధుమరంగు నీళ్లు బుడబుడా దిగాయి.

వెంట వచ్చిన బావమరిది తల పట్టుకున్నాడు. "పొడి బరకగా ఉంటే నీళ్లు ఆగవు బావా. మెత్తటి పొడి అడ్డు నిలబడితేనే ప్రెషరు పుడుతుంది. మొదటిరోజే మొత్తుకున్నానా?"

ప్రెషరు మీదే బతికిన మనిషి, చిటికెడు పొడి తీసి వేళ్ల మధ్య నలిపి చూశారు.

"అడ్డు నిలబడేది లేకపోతే ఎంత ఆవిరైనా దండగే" అంది భార్య. "ఈ ఇంట్లో ఆ ఉద్యోగం ఇన్నాళ్లూ నాదే."

బావమరిది చేతితో తిప్పే గ్రైండరూ, కాఫీ గింజలూ తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు గారు చెమటలు కక్కుతూ తిప్పారు. ఈసారి కాఫీ తేనెలా సన్నటి ధారగా దిగింది, మీద నురుగుతో సహా. ఆవిడ మూడు గుక్కల్లో తాగింది. క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనకవైపు రాసి ఇచ్చింది: "లోపం: ఆలస్యం. పాస్. ఏడాది చెల్లుతుంది." కింద సంతకం, తేదీ.

ఆయన దాన్ని ఫ్యాక్టరీల్లో వేలాడదీసినట్టే మెషిన్ పైన గోడకు అతికించారు.

సర్టిఫికెట్ ఏడాది చెల్లింది. ఆవిడ ఐదు నెలలే ఉంది. ఆ ఐదు నెలల్లో ఒక్క సాయంత్రం కూడా కప్పు తప్పలేదు.

ఆ తర్వాతా ఆయన సాయంత్రం అయిదింటికి గ్రైండరు తిప్పుతూనే ఉన్నారు. కాఫీ చేసి, కషాయం మింగినట్టు మొహం పెట్టి ఆయనే తాగేవారు. ఒకరోజు బావమరిది గోడమీది కాగితం చదివి వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"గడువు దాటి పదకొండు రోజులయింది బావా. ఆపించవా?"

ఇన్‌స్పెక్టరు గారు మెషిన్ మీద పడ్డ కాఫీ మరక తుడిచారు.

"నడుస్తోందిగా, నడవనీ" అని, రెండో కప్పు కోసం గ్రైండరు అందుకున్నారు. "కూర్చో. నువ్వూ తాగి వెళ్దువుగాని."